రికార్డు మీద జిగురు

పాత ఎల్పీ (గ్రామఫోన్ రికార్డు) కవర్ మీది స్టిక్కర్ లాగితే కాగితం ఊడింది, జిగురు ఉండిపోయింది. గోటితో గీకబోయి ఆగాను, బొమ్మ రంగు లేచిపోతుందని. లైటర్‌లో పోసే నాఫ్తా దూదికి కొంచెం అద్ది, ముందు ఒక మూల పరీక్షించి, కిటికీలు తెరిచి మెల్లగా రుద్దాను. జిగురు ఉండలు కట్టి వచ్చేసింది. పూత లేని ఉత్త అట్టకైతే ఈ పని చేయను, మరక పడొచ్చు.

అసలు టెన్షన్ రికార్డు దగ్గరే. గాడుల్లోనూ జిగురే! ఈ రికార్డు వినైల్‌ది, అంటే పీవీసీ ప్లాస్టిక్; అసిటోన్ (గోళ్ల రంగు తుడిచే ద్రవం) తగిలితే పాడవుతుంది. నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని గుడ్డతో, లేబుల్ తడవకుండా గాడుల వెంబడే తుడిచాను. (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత లక్క రికార్డులకు ఆల్కహాల్ వద్దే వద్దు, లక్క కరుగుతుంది.) మూడోసారికి గుడ్డకు ఏమీ అంటలేదు. ముల్లు పెట్టాను. ఒక్క చిటపట లేదు. ఆ వైపంతా కదలకుండా కూర్చుని విన్నాను.