మైన్‌క్రాఫ్ట్‌లో ఒక భటుడికి నకళ్లు తీసిన క్రమం: నా అనుభవం

మైన్‌క్రాఫ్ట్ అనే బ్లాకుల ఆటకు కంప్యూటర్ వెర్షన్ అయిన జావా ఎడిషన్‌లో నేను కడుతున్న కోట సభామంటపానికి ఎదురెదురుగా నిలిచే రెండు వరుసల కావలి భటులు అవసరమయ్యారు. కవచం తొడిగి, తలను, చేతులను కావలసిన కోణాల్లో తిప్పి, పేరు పెట్టిన కత్తిని చేతికిచ్చిన ఒక ఆర్మర్ స్టాండ్, అంటే కవచాలు తొడిగే బొమ్మ, అప్పటికే సిద్ధంగా ఉంది. అటువంటివాటిని మళ్లీ మొదటి నుంచి తయారు చేస్తే కోణాల్లో ఎంతో కొంత తేడా రాక తప్పదు కనుక, ఉన్నదానికే నకళ్లు తీయాలని నిశ్చయించుకున్నాను. క్లోన్ అనే కమాండ్ (టైపు చేసే ఆదేశం) బ్లాకులను, పెట్టెల్లోని సామానును నకలు చేస్తుంది గాని ఎంటిటీలను ముట్టుకోదు. బ్లాకులు కాకుండా విడిగా ఉండే జీవులు, బొమ్మల వంటివి ఎంటిటీలు; ఆర్మర్ స్టాండ్ కూడా ఎంటిటీయే. వస్తువులన్నీ ఉచితంగా దొరికే క్రియేటివ్ మోడ్‌లో దానిపై మౌస్ మధ్య బటన్ నొక్కితే ఏ అలంకరణా లేని ఖాళీ స్టాండే చేతికి వస్తుంది.

నకలు తీసే ముందు కత్తిని పరిశీలించాను. ఈ లోకంలో తర్వాత సామాను స్వయంగా సంపాదించుకొనే సర్వైవల్ మోడ్‌లో ఆడేవారు భటుల చేతుల్లోని కత్తులను తీసి వాడుకుంటారు కాబట్టి, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన దశ. ఎఫ్3తో పాటు హెచ్ నొక్కితే వస్తువు వివరాల్లో దాని ఐడీ, మిగిలిన మన్నిక, కాంపోనెంట్ల (వస్తువుకు జతపడిన డేటా భాగాల) సంఖ్య కనిపిస్తాయి. ఆ కాంపోనెంట్లు ఏమిటో మాత్రం తెలియదు. అందుకని కత్తిని చేతపట్టుకొని, చాట్‌లో డేటా గెట్ కమాండ్‌తో నా పాత్ర తాలూకు ‘సెలెక్టెడ్ ఐటమ్’ భాగాన్ని అడిగాను. పేరు, ఎన్‌చాంట్‌మెంట్లు (మంత్రశక్తులు), వాటి స్థాయిలతో పాటు ‘రిపేర్ కాస్ట్’ అనే అంకె కూడా బయటపడింది. ఆన్విల్ (దాగలి)పై వస్తువును బాగుచేసినా, మరొకదానితో కలిపినా ఈ అంకె 1, 3, 7, 15, 31 చొప్పున పెరుగుతూ, తర్వాతి పని ఖర్చుకు తోడవుతుంది. మొత్తం ఖర్చు 40 అనుభవ స్థాయిలకు చేరితే సర్వైవల్‌లో ఆన్విల్ ఆ పనికి ఒప్పుకోదు. చూపుకు ఒకే తీరుగా ఉన్న రెండు కత్తుల్లో ఒకటి ఇంకా ఎన్నోసార్లు బాగుచేయదగినది, రెండోది ఆ దశ దాటిపోయినది కావచ్చు. తెరపై కనిపించని ఈ తేడా నకలులోకి కూడా యథాతథంగా వెళ్తుంది. కనుక రిపేర్ కాస్ట్ తక్కువగా ఉన్న కత్తినే ఎంచి భటుడి చేతికిచ్చాను.

ఈ డేటా రూపం వెర్షన్‌ను బట్టి మారుతుంది. 2024లో వచ్చిన 1.20.5 నుంచి వస్తువుల పాత ట్యాగుల (డేటా పేర్ల) స్థానంలో కాంపోనెంట్లు వచ్చాయి. 2025లో వచ్చిన 1.21.5లో చేతి వస్తువులు, కవచాలు వేర్వేరు జాబితాలుగా కాక ‘ఎక్విప్‌మెంట్’ అనే ఒకే ట్యాగ్ కిందికి చేరాయి. పాత వెర్షన్‌కు రాసిన కమాండ్‌ను అలాగే అతికించడం కన్నా, మన లోకంలోని ఎంటిటీ నుంచే డేటాను తీసుకోవడం మేలని నా అభిప్రాయం.

అలా తీసుకోవడానికి చీట్స్ (కమాండ్లు వాడే వీలు) అనుమతించిన లోకంలో భటుడివైపు చూస్తూ ఎఫ్3, ఐ కలిపి నొక్కితే చాలు. ఆ ఎంటిటీని పుట్టించే సమన్ కమాండ్ మొత్తం క్లిప్‌బోర్డుకు చేరుతుంది. ప్రతి ఎంటిటీకీ ఉండే ప్రత్యేక గుర్తింపు, అంటే యూయూఐడీ, ఇందులో ఉండదు. అదే ఉంటే, అసలు భటుడు నిలిచి ఉండగా అదే గుర్తింపుతో ఇంకొకరిని పుట్టించడం సాధ్యపడదు. చాట్‌లో 256 అక్షరాలకు మించి పట్టవు కాబట్టి, కమాండ్‌ను దాచుకొని నడిపే, 32,500 అక్షరాల వరకు పట్టే కమాండ్ బ్లాక్‌లో దానిని అతికించి, స్థానాన్ని సూచించే అంకెలను మార్చాను. భటుడు తిరిగిన దిక్కు ‘రొటేషన్’ ట్యాగ్‌లో ఉంటుంది. దక్షిణానికి 0, ఉత్తరానికి 180 కనుక, ఎదుటి వరుసకు ఆ ఒక్క అంకె మారిస్తే సరిపోయింది.

ఒక వరుస పూర్తయ్యాక దానిని మరో మంటపంలోకి మొత్తంగా తరలించడానికి కట్టడాన్ని భద్రపరచి వేరేచోట లోడ్ చేసే స్ట్రక్చర్ బ్లాక్ వాడాను. ఇది 1.16 నుంచి ఒక్కో వైపు 48 బ్లాకుల వరకు భద్రపరుస్తుంది. అయితే ఎంటిటీలను చేర్చే ఎంపిక మొదట ఆపివేసి ఉంటుంది. దాన్ని ఆన్ చేశాకే సేవ్ చేయాలి. లోడ్ చేసేటప్పుడు ప్రతి ఎంటిటీకీ కొత్త యూయూఐడీ వస్తుంది. ఒకేచోట రెండుసార్లు లోడ్ చేస్తే గోడలు పాతవాటి స్థానంలోనే వస్తాయి గాని, భటులు మాత్రం ఒకరిలో ఒకరు కలిసిపోయి ఇద్దరేసి నిలుస్తారు, చూపుకు ఒక్కరే అనిపిస్తారు. అందువల్ల లోడ్ చేసిన వెంటనే ఎగ్జిక్యూట్ ఇఫ్ ఎంటిటీ కమాండ్‌తో, దూరాన్ని మంటపం మేరకు పరిమితం చేసి, ఆర్మర్ స్టాండ్‌ల సంఖ్యను లెక్కించాను. లెక్క సరిపోయాక, వరుస చివరి భటుడి డేటాను కూడా పిలిచి, కత్తి రిపేర్ కాస్ట్, చేతుల కోణాలు అసలుతో సరిపోలాయని చూసిన తర్వాతే కమాండ్ బ్లాకులను తొలగించాను.