చీటీ మీద నంబరు

పోయిన ఏడాది ఆవకాయ సీజన్లో ఒకరి దగ్గర 5 వేల ఫోన్ నంబర్లు కొన్నాను. "అన్నీ మంచి లీడ్సే మేడమ్, కొనేలా ఉన్నవాళ్ళ నంబర్లే" అన్నారు. అందరికీ మా పచ్చళ్ళ ఫోటోలు పంపాను. ఒక్క సీసా అమ్ముడుపోలేదు. పైగా చాలామంది బ్లాక్ చేసేసరికి రెండ్రోజులు నా వాట్సాప్ నంబరే ఆగిపోయింది. పాతవాళ్ళ ఆర్డర్లు కూడా పోయాయి. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

ఈసారి ప్రతి సీసాతో ఒక చీటీ పెట్టాను. "మాగాయ పెట్టగానే చెప్పమంటారా? ఈ నంబరు సేవ్ చేసుకుని 'సరే' అని పంపండి." సేవ్ ఎందుకంటే, వాట్సాప్‌లో ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. నాకు 'సరే' అని పంపింది 83 మందే. అందులో 31 మంది మాగాయ కొన్నారు!

డబ్బులిచ్చి చేయించిన పోస్టర్ కంటే, అత్తయ్య ఆవపిండి, కారం, నూనె కలుపుతుండగా తీసిన 20 సెకన్ల వీడియోకే ఎక్కువమంది పలికారు. ఆ చేతులు చూసి నమ్మకం కుదిరిందని ఒకావిడ రాశారు. చదివి అత్తయ్య కళ్ళు తుడుచుకుంది.

వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సరుకులు చూపించే కేటలాగ్‌లో పావుకిలో, అరకిలో ధరలు తప్పకుండా పెట్టండి. అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళున్నారు. లేబుల్ మీద ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు కూడా.

నంబర్లు అమ్ముతామని ఎవరైనా ఫోన్ చేస్తే, డబ్బు పంపేముందు నాకొక్క మెసేజ్ పెట్టండక్కా. రేపు గోంగూర పెడుతున్నాం.