భీమిలి ఒడ్డున ఒక సర్‌ప్రైజ్ ప్రపోజల్: ఫొటోగ్రాఫర్‌గా నా అనుభవం

పెళ్లి ఫొటోలు తీసేవాళ్లకి ఒక ధీమా ఉంటుంది. తలంబ్రాల దగ్గర ఒక ఫ్రేమ్ తప్పిపోయినా, పంతులుగారిని కాస్త బతిమాలితే "ఏదీ, ఇంకోసారి పోయండమ్మా" అంటారు. సర్‌ప్రైజ్ ప్రపోజల్‌కి ఆ వెసులుబాటు లేదు. అమ్మాయి ముఖంలో ఆ ఆశ్చర్యం ఒక్కసారే వస్తుంది, మళ్లీ చెయ్యమంటే అది నటన.

నాకు ఫోన్ చేసిన అబ్బాయిది విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తమాషా ఏంటంటే, రెండిళ్లలోనూ అప్పటికే ఒప్పుకున్నారు. మాఘమాసంలో నిశ్చితార్థానికి ముహూర్తం కూడా పెట్టేశారు. "ఇంకేం అడుగుతావు తమ్ముడూ?" అన్నాను. "అందరూ అందర్నీ అడిగారన్నా, నేనే తనని అడగలేదు" అన్నాడు. రేటు మాట్లాడకముందే ఒప్పేసుకున్నాను.

ఇలాంటి పని ఒప్పుకునేటప్పుడు నేను ముందు అడిగేది ప్లేస్ గురించి కాదు. ఆ అమ్మాయికి నలుగురూ చూస్తుంటే ఇబ్బందిగా ఉంటుందా, సరదాగా ఉంటుందా అని అడుగుతాను. కొందరు జనం మధ్యలో అడిగితే కాదనలేరని అదే ప్లాన్ వేసుకుంటారు. నాకది నచ్చదు. ఈ అమ్మాయికి మొహమాటం ఎక్కువ అన్నాడు. దాంతో ఆర్కే బీచ్ మాట మర్చిపొమ్మన్నాను. పొద్దున్న అక్కడ వాకర్లు, సాయంత్రమైతే కురుసుర సబ్‌మెరైన్ దగ్గర తిరునాళ్లలా జనం. పైగా మనది తూర్పు తీరం, సాయంత్రం సూర్యుడు సముద్రంలో కాదు, ఊరి వెనక దిగుతాడు. డ్రోన్ షాట్ కావాలన్నాడు. నేవీ ఉన్న ఊళ్లో అనుమతి లేకుండా డ్రోన్ లేపితే ప్రపోజల్ ఫొటోల బదులు పోలీస్ స్టేషన్ ఫొటోలు దిగాల్సి వస్తుందన్నాను.

అలా భీమిలి ఖాయమైంది. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఒడ్డుకి లాగిన పడవలు, ఎండబెట్టిన వలలు. అక్కడ ఎవరైనా పెద్ద లెన్స్ పట్టుకుని తిరుగుతుంటే పడవల ఫొటోలు తీసుకుంటున్నాడనే అనుకుంటారు. దాక్కోవాల్సిన పనే లేదు. డచ్చివాళ్ల పాత సమాధులు చూద్దాం, దానికి ముందు సూర్యోదయం అని చెప్పి తీసుకురమ్మన్నాను. ఆ అమ్మాయి చెల్లెలు మనవైపే.

తర్వాత అసలు పని. ఫొటో అబ్బాయిది కాదు, అమ్మాయి ముఖానిది. అందుకని ఆమె ఎటు తిరిగి నిలబడుతుందన్నది ముందే తేల్చుకోవాలి. నేను ఉత్తరం వైపు పడవల దగ్గర ఉంటే, పొద్దుటి ఎండ నా ఎడమ భుజం మీంచి వెళ్లి ఆమె ముఖం మీద పడుతుంది. అబ్బాయి వీపు సగం నాకు కనబడినా ఫరవాలేదు. ముందు ఆదివారం వెళ్లి అదే టైముకి వెలుగు చూసుకున్నాను. ఆరున్నరకి అటూ ఇటూగా సూర్యుడు నీళ్ల మీదికి వస్తాడు. మంచి వెలుగు ఉండేది ఆ తర్వాత ఇరవై నిమిషాలే.

అబ్బాయికి వీడియో కాల్‌లో పాఠం చెప్పాను. నావైపున్న మోకాలు నేలకి ఆనించు, ఎదురు మోకాలు పైకి. లేదంటే నీ మోకాలే అడ్డొస్తుంది. ఉంగరం డబ్బా ఛాతీ దాకా ఎత్తు, నీ గడ్డానికి అడ్డం పెట్టకు. ఆమె జవాబు చెప్పేదాకా లేవకు. నన్ను వెతుక్కుంటూ పక్కకి చూడకు. అందరూ తప్పేది ఈ చివరిదే. నాకు తెలిసేలా గుర్తుగా, మోకరిల్లే ముందు టోపీ తీసి జేబులో పెట్టుకోమన్నాను.

ఆ రోజు చెల్లెలు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పంపుతూ వచ్చింది. నేను రెండు మెమరీ కార్డులూ కెమెరాలో పెట్టి, దూరంలో ఉన్నవాళ్లని దగ్గరగా చూపించే 70-200 లెన్స్ తగిలించి, ఉప్పు గాలికి ఫిల్టర్ మీద పేరుకునే జిడ్డు తుడుచుకుంటూ కూర్చున్నాను. షటర్ స్పీడ్ 1/640, ఫోకస్ అమ్మాయి ముఖం మీదే లాక్. ఆటోమేటిక్‌గా వదిలేస్తే కెమెరా దగ్గరున్న ముఖాన్ని పట్టుకుంటుంది. సైలెంట్ షటర్ కూడా పెట్టాను గానీ, ఆ అలల హోరులో డప్పు కొట్టినా వినబడేది కాదు.

టోపీ తీశాడు. మోకరిల్లాడు. ఆమె ముందు అర్థంకాక కిందకి చూసింది, ఏదో పడిపోయిందనుకుని. తర్వాత డబ్బా చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకాయన లేచి, "ఏటయింది బాబూ, కాలు మడతపడిందేటి?" అని కేకేస్తూ వాళ్లవైపు బయల్దేరాడు. ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాడని నాకు టెన్షన్. చెల్లెలు పరుగెత్తి ఆయన చెయ్యి పట్టుకుని చెవిలో ఏదో చెప్పింది. ఆయన అక్కడే ఆగిపోయి, తలపాగా విప్పి నవ్వాడు. ఆ కేక విని అమ్మాయికి నవ్వొచ్చింది, ఏడుపూ ఆగలేదు. నా దగ్గరున్న అన్నిట్లో మంచి ఫొటో అదే: కళ్లల్లో నీళ్లు, నోటి నిండా నవ్వు, వెనక మసగ్గా తలపాగా పట్టుకున్న తాత.

తర్వాత నన్ను చూపించగానే ఆమె అడిగింది: "అన్నయ్యా, ఇందాక పడవల్ని తీసింది మీరేనా?" తెలియకుండా తీసిన ఫొటోలు కాబట్టి, ఏది ఎవరికి వెళ్లాలో ఆమెనే అడుగుతాను. ఆమె వద్దంటే అన్నీ చెరిపేస్తానని, అడ్వాన్సు మాత్రం తిరిగివ్వనని అబ్బాయికి ముందే చెప్పి ఉంచాను. ఈమె రెండు సెట్లు చేయమంది: స్నేహితులకి అన్నీ, ఇళ్లలో వాళ్లకి కౌగిలించుకున్నవి తీసేసి.

మోకరిల్లిన ఫొటో నాన్నకి పంపొద్దని అబ్బాయి గొణిగాడు. "అదే ముందు పంపండి" అంది ఆమె. పంపాను. ఆయన చాలాసేపు జూమ్ చేసి చూసుకున్నాడట. కొడుకుని అడిగింది మాత్రం ఒకటే: "ఉంగరానికి తరుగు ఎంత వేశాడ్రా?"