ఆదివారాల వెల్డింగ్: గేటు నిలబడింది, మెట్లు సగంలో ఉన్నాయి

జమాఖర్చులు చూసే ఉద్యోగం నాది. పుస్తకంలో రూపాయి తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని పట్టుకునే రకం. అందుకే వెల్డింగ్ మొదలుపెట్టినప్పుడు చెయ్యి కుదురుతుందో లేదోనని భయపడ్డాను తప్ప లెక్కల సంగతి తలుచుకోనేలేదు. పద్నాలుగు ఆదివారాలు గడిచాయి. చెయ్యి ఒకమాదిరిగా కుదిరింది. పరువు పోయిందంతా టేపు దగ్గరే.

సామాను పెద్దగా లేదు. 200 ఆంపియర్ల ఇన్వర్టర్ మిషను, నాలుగంగుళాల గ్రైండరు, రెండు క్లాంపులు, మూలమట్టం, రసమట్టం, గీతలకు బలపం ముక్కలు. వెల్డింగ్ రాడ్లు 6013 రకం, 2.5 మిల్లీమీటర్లవి. పల్చటి పైపులకు 65 నుంచి 75 ఆంపియర్ల మధ్య పెడుతున్నాను. గురువు మా పటమట వీధి చివర ఉండే పెద్దాయన, ఆటోనగర్ షెడ్డులో లారీ బాడీలు కడతారు. నేను బాబాయ్ అంటాను. నలభై ఆరేళ్ల నన్ను ఆయన అబ్బాయ్ అంటారు.

మొదటి మూడు ఆదివారాలు: మొక్కల స్టాండు

వాషింగ్ మెషినుకీ గోడకీ మధ్య 320 మిల్లీమీటర్ల సందు ఉంది. అందులో పట్టేలా 900 పొడవు, 300 వెడల్పు స్టాండు అనుకున్నాను. 25 మిల్లీమీటర్ల చదరపు పైపును 900 చొప్పున, 300 చొప్పున కోశాను. పొడుగు ముక్కల మధ్య పొట్టి ముక్కలు పెట్టి అతికాను. సందులోకి దూర్చబోతే దూరలేదు. కొలిస్తే 350 ఉంది. పొట్టి ముక్క 300, దానికి అటూ ఇటూ పొడుగు పైపులు 25 చొప్పున. కోయాల్సింది 250.

బాబాయ్ చూసి నవ్వలేదు, అదే ఎక్కువ బాధ. "లెక్క తప్పలేదు అబ్బాయ్. ఎక్కడి నుంచి కొలిచావో అది తప్పింది" అన్నారు. అప్పటి నుంచి ప్రతి కొలత పక్కన 'బ', 'లో', 'మ' అని రాసుకుంటున్నాను: బయటి అంచు, లోపలి అంచు, మధ్య గీత. స్టాండు ఇప్పుడు వరండాలో తులసికీ కనకాంబరాలకీ పీటగా ఉంది.

నాలుగో ఆదివారం

పని జరగలేదు. టేపు గురించి మాత్రం ఒకటి తెలిసింది. టేపు చివరి కొక్కెం వదులుగా ఆడుతుంటే పాడైందనుకుని సుత్తితో కొట్టి బిగించాను. అది ఆడాలట. అంచుకు తగిలించి లాగినప్పుడు, గోడకు ఆనించి నెట్టినప్పుడు కొక్కెం మందమంత అటూ ఇటూ జరిగితేనే రెండు కొలతలూ సరిపోతాయి. కొత్త టేపు కొన్నాను. చిన్న కొలతలకైతే కొక్కెం జోలికే పోకుండా 100 గీత దగ్గర మొదలుపెట్టి చివర 100 తీసేస్తున్నాను. ఒకసారి తీసేయడం మరిచిపోయాను కూడా. ఆ ముక్క ఇప్పుడు తలుపు కింద అడ్డుగా పనికొస్తోంది.

అయిదు నుంచి తొమ్మిది: మేడ మీద గేటు

గోడల మధ్య దారి వెడల్పు పైన 1004, మధ్యలో 1000, కింద 1007. ప్లాస్టరింగు గోడ అంటే అంతే. తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. బందుల వైపు 12, గడియ వైపు 8 వదిలితే గేటు బయటి వెడల్పు 980. ఎత్తు 1900. 40 మిల్లీమీటర్ల చదరపు పైపు కాబట్టి లోపలి వెడల్పు 900, ఈసారి 'లో' అని పెద్ద అక్షరంతో రాసుకున్నాను.

నిలువు పైపులు రెండు 1900 చొప్పున, అడ్డ పైపులు రెండు 900 చొప్పున, మొత్తం 5600. ఆరు మీటర్ల పైపు ఒక్కటి చాలు. మధ్యలో మూడో అడ్డ పైపు కూడా వేస్తే 6500 అవుతుంది. ఆ అర మీటరు కోసం ఇంకో పైపు కొనాలి. అందుకని మధ్యలో 25కి 5 ఫ్లాట్ ముక్క వెనక నుంచి అతికాను. చూడ్డానికి అదే నయంగా ఉంది.

పైపు కొనేటప్పుడు మా ఆఫీసు బుద్ధి ఒక్కసారి పనికొచ్చింది. ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7850 కిలోలు. దాన్నిబట్టి 40 చదరం, 2 మిల్లీమీటర్ల మందం ఉన్న పైపు మీటరుకు 4 × 38 × 2 × 0.00785, అంటే దాదాపు 2.39 కిలోలు (38 అంటే 40లోంచి మందం 2 తీసేస్తే వచ్చేది). మూలల గుండ్రం వల్ల కొంచెం తగ్గుతుంది. ఆరు మీటర్లకు 14 కిలోల చుట్టుపక్కల ఉండాలి. కాటా మీద 11.6 చూపించింది. వెనక్కి లెక్క కడితే మందం 1.6. కోసిన అంచు దగ్గర కాలిపర్ పెడితే 2 చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ కోతకు లేచిన పొలుసు ఉంటుంది. పొలుసు రుద్ది కొలవాలి. తూకం లెక్కన కొంటాం కాబట్టి డబ్బులో నష్టం లేదు, కానీ 2కి పెట్టిన కరెంటుతో 1.6 మీద రాడ్డు ఆనిస్తే చిల్లు. చిల్లు పూడ్చబోతే పెద్ద చిల్లు. ఇంకో దుకాణంలో తూచి తెచ్చుకున్నాను. గుండ్రటి ఊచకైతే ఇంకా తేలిక: మిల్లీమీటర్లలో వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది.

ఇక ఊచల దగ్గర రెండు ఆదివారాలు పోయాయి. మా అన్నయ్య మనవడు వస్తుంటాడు, తల దూరే సందు ఉండకూడదు, 100 దాటకూడదనుకున్నాను. 12 మిల్లీమీటర్ల చదరపు ఊచలు ఏడు వేస్తే సందులు ఎనిమిది: 900లోంచి 84 తీసి 8తో భాగిస్తే 102. ఎనిమిది వేస్తే సందులు తొమ్మిది: 900లోంచి 96 తీసి 9తో భాగిస్తే 89.33. ఊచల కంటే సందులు ఒకటి ఎక్కువ. ఒకటో తరగతి లెక్కే అయినా చేతిలో గ్రైండరు ఉంటే ఎగిరిపోతుంది.

ఆ 0.33 దగ్గరే నేను పడ్డాను. 90 మిల్లీమీటర్ల చెక్క ముక్క కోసుకుని, ఊచ పక్కన చెక్క, చెక్క పక్కన ఊచ, అలా జరుపుకుంటూ టాకాలు, అంటే తాత్కాలికంగా నిలబెట్టే చుక్క అతుకులు, వేశాను. ఎనిమిది సందులు 90 చొప్పున పోయాక చివరి సందు 84 మిగిలింది. ఆరు మిల్లీమీటర్లు మెట్ల మీది నుంచి చూస్తే కూడా కనిపించాయి. టాకాలు కోసేసి, ఒకే అంచు నుంచి వరసగా మళ్లీ గుర్తులు పెట్టాను. ఊచల ఎడమ అంచులు: 89.3, 190.7, 292, 393.3, 494.7, 596, 697.3, 798.7. టేపును అసలు కదపలేదు. అర మిల్లీమీటరు అటూ ఇటూ అయినా అది ఆ ఊచతోనే పోతుంది, పక్కదానికి అంటుకోదు. మా పుస్తకాల్లో నిన్నటి తప్పు నిల్వ ఇవాళ్టికి ఎలా పాకుతుందో తెలిసిన నేను చెక్క ముక్కను ఎలా నమ్మానో.

మూలమట్టం పెట్టి నాలుగు మూలలూ చూసుకున్నా కర్ణాలు కొలవాల్సిందే. మూలమట్టం చెయ్యి అడుగు పొడవు, గేటు ఆరడుగులు. ఒక కర్ణం 2141, ఇంకోటి 2135 వచ్చింది. ఈ కొలతల గేటులో కర్ణాల తేడా ఎంతో, పైభాగం పక్కకు ఒరిగింది దాదాపు అంతే. పొడుగు కర్ణాన్ని తాడుతో లాగి రెండూ 2138కి వచ్చాక బిగించాను. నాలుగు మూలలకూ టాకాలు మాత్రమే వేసి, మళ్లీ కొలిచి, అప్పుడు ఎదురెదురు మూలలు ఒకదాని తర్వాత ఒకటి అతికాను. ఒకే మూలను పూర్తిగా నింపితే చల్లారేటప్పుడు తన వైపుకు లాక్కుంటుంది.

గేటు గడియ కొంచెం బిగువుగా ఉందంటే పక్కింటాయన బెజవాడ ఎండకు ఇనుము పెరిగిందన్నారు. లెక్క కట్టి చూపించాను. డిగ్రీకి లక్షకు 1.2 వంతు చొప్పున 980 మిల్లీమీటర్ల గేటు 30 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది 0.35. గడియ బిగువుకు కారణం ఎండ కాదు, నేను తప్పుగా పెట్టిన పై బందు.

పది నుంచి పద్నాలుగు: ట్యాంకు దగ్గరకు మెట్లు

మెట్ల గది పైకప్పు మీద నీళ్ల ట్యాంకు ఉంది. ఇన్నాళ్లూ వెదురు నిచ్చెనతో ఎక్కేవాళ్లం. గోడ పక్కన ఎత్తు 2340. పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 195. అంత చక్కగా తెగేసరికి సంబరపడి బాబాయ్‌కి కాగితం చూపించాను.

ఆయన కాగితం చూడలేదు. మేడంతా ఒకసారి చూసి, "వాన నీళ్లు ఎటు పోతాయి?" అన్నారు.

"ఆ మూల గొట్టంలోకి."

"మెట్లు మొదలయ్యేది ఆ మూలే కదా."

మేడకు వాటం ఉంటుంది. నేను కొలిచింది గోడ దగ్గర, మెట్ల కాలు ఆనేది గోడకు 2.4 మీటర్ల దూరాన. పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, బుడగలు పోయేదాకా తట్టి, ఒక కొన గోడ దగ్గర, ఇంకో కొన కాలు ఆనే చోట పట్టుకున్నాం. తేడా 24 మిల్లీమీటర్లు. అసలు ఎత్తు 2364. నా లెక్కతో కడితే ఏదో ఒక మెట్టు మిగతావాటికంటే అంగుళం ఎక్కువ ఎత్తు వచ్చేది. చీకట్లో కాలు తట్టుకునేది అలాంటి మెట్టుకే.

2364ను 12తో భాగిస్తే 197. అదీ తెగింది, ఈసారి సంబరపడలేదు. చోటు లేక మెట్టు ముందుకు 200 మాత్రమే జరుగుతుంది, కొంచెం నిటారే. 197, 200 భుజాలుగా కర్ణం 280.73. పన్నెండు రెట్లు 3369, అదే పక్క పైపు పొడవు. రెండు పైపులకు 6738 అవుతుంది, ఆరు మీటర్లలో రావు. రెండు కొనక తప్పలేదు. 80కి 40, 3 మిల్లీమీటర్ల పైపు మీటరుకు 5.4 కిలోలు. దుకాణంలోనే మూడున్నర మీటర్ల దగ్గర కోయించుకుని రిక్షాలో తెచ్చాను. ముక్కలు 2.5 మీటర్ల చొప్పున రెండు మిగిలాయి, చేతి కమ్మీ కాళ్లకు సరిపోతాయి.

పైపు చివరల ఏటవాలు కోతకు కోణం లెక్కించాను: 44.6 డిగ్రీలు. తర్వాత తెలిసింది, మిషను మీది అంకెలు నిటారు కోత నుంచి మొదలవుతాయి కాబట్టి పెట్టాల్సింది 45.4 అని. ఏటవాలు 45కి దగ్గరగా ఉండబట్టి తప్పు దాక్కుంది. 35 అయ్యుంటే పైపు పారేసేవాణ్ని. బాబాయ్ అయితే కోణం ఊసే ఎత్తరు. మూలమట్టంలో ఒక చేతి మీద 197, ఇంకో చేతి మీద 200 పైపు అంచుకు ఆనించి గీత గీస్తారు, అయిపోయింది.

మెట్ల గుర్తులు కూడా గేటు ఊచల్లాగే ఒకే కొన నుంచి పెట్టాను: 280.7, 561.5, 842.2 అలా. రెండు పైపులనూ పక్కపక్కన క్లాంపుతో బిగించి ఒకేసారి గీశాను. ఎడమదానికీ కుడిదానికీ వేరువేరుగా కొలిస్తే రెండు తప్పులు పుడతాయి.

పద్నాలుగో ఆదివారం సాయంత్రానికి పక్క పైపులు రెండూ కోసి, గీసి, గోడకు ఆనించి ఉన్నాయి. మెట్టు పలకలు పదకొండు (పన్నెండో అడుగు పైకప్పు మీదే), ఒక్కోదాని కింద రెండు యాంగిల్ (L ఆకారపు ఇనుము) ముక్కలు, మొత్తం 22. ముక్క 180, గ్రైండరు చక్రం తినేది కోతకు ఒకటిన్నర. 3960కి 33 కలిపితే 3993, ఒక ఆరు మీటర్ల యాంగిల్‌లో వస్తాయి. వచ్చే ఆదివారం అవి కోయాలి. కోసే ముందు ఆ 180 మీద 'బ'నా 'లో'నా అని చూసుకోవాలి, కాగితం మీద రాయడం మరిచిపోయాను.