తడిసిన సీటూ, మా అమ్మాయి ప్రశ్నలూ

ఇక్కడ బడిలో ప్రతిదానికీ ‘ఎందుకు’ అని అడగమనే నేర్పుతారు. మా చిన్నప్పుడు పెద్దవాళ్ళని ఆ మాట అడిగితే ‘ఎదురు చెప్పకు’ అనేవాళ్ళు. పరాయి దేశంలో పిల్లల్ని పెంచే మాలాంటివాళ్ళకి ఈ రెంటి మధ్యా నలగడం మామూలే. మొన్న కారు అద్దం దించి వదిలేసిన రాత్రే వాన పడి, వెనక సీటు పూర్తిగా నానింది. అద్దం ఎవరు దించారన్న పంచాయితీ పక్కన పెట్టి, మా పెద్దమ్మాయిని సాయానికి పిలిచాను.

‘రుద్దకు, ఒత్తు’ అని పాత తువ్వాళ్ళిచ్చాను. ‘ఎందుకమ్మా?’ రుద్దితే పైగుడ్డ ఆరినట్టే ఉంటుంది, కానీ నీళ్ళు దాచుకునేది లోపలి ఫోమ్. తను తువ్వాలు మడత మీద మోకాలు వేసి బరువంతా ఆనించేసరికి, పొడిగా కనిపించే సీటు కుట్ల వెంట నీళ్ళు బుడబుడా పైకొచ్చాయి. ఆ తర్వాత నేనేం చెప్పక్కర్లేకపోయింది. తువ్వాళ్ళకి అందని తడిని నీళ్ళు పీల్చే వాక్యూమ్‌తో లాగాం.

ఈలోగా మా అమ్మ ఫోన్. ‘ఎండలో పెట్టండి, అదే ఆరుతుంది.’

‘ఎండ ఎక్కడుంది అమ్మమ్మా?’

ఎండ ఉన్నా, అద్దాలన్నీ బిగిస్తే ఆవిరి బయటికి పోదు. రాత్రి చల్లబడగానే అద్దాలకి పట్టి మళ్ళీ కిందికి కారుతుంది. కావాల్సింది గాలి కదలడం. తలుపులు తీసి ఫ్యాన్ పెట్టాం. బయట గాలే చెమ్మగా ఉన్నప్పుడు కారు ఏసీ మేలు, అది గాలిలో తేమని లాగేస్తుంది. కారు మాత్రం ఆరుబయటే ఉండాలి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు మొదలవుతుంది కాబట్టి వారాంతం దాకా ఆగే పని కాదు.

ముందు సీటు కింద టార్చి వేసి చూస్తూ, అమ్మాయి ఒక పసుపు వైరు పట్టుకోబోయింది. సాధారణంగా ఆ రంగు ఎయిర్‌బ్యాగ్ వైర్లది. ‘ముందు చెయ్యి తియ్యి, ఎందుకో తర్వాత చెప్తా’ అని అరిచాను. మా పెద్దల పద్ధతికీ ఒక చోటుందన్నమాట!

చిన్నవాడి చైల్డ్ సీటు దగ్గర మాత్రం తనే నాకు పాఠం చెప్పింది. బెల్టుల్ని సబ్బునీళ్ళలో నానబెడదామంటే, మాన్యువల్ తెచ్చి చదివి వినిపించింది: తడిగుడ్డతో తుడవాలి, నానబెట్టకూడదు, బ్లీచ్ తగలకూడదు. నారలు బలహీనపడితే ప్రమాదంలో బెల్టు బిడ్డని ఆపలేదు. ఇదంతా అమ్మమ్మకి ఫోన్లో తనే తెలుగులో వివరించింది, మధ్యమధ్య తడబడుతూ.

వాసన కోసం బేకింగ్ సోడా చల్లడం ఆఖరి పని, అదీ పూర్తిగా ఆరాకే. అంతకంటే ముందు కార్పెట్ అంచు ఎత్తి చూడాలి. మాకు సీటు పొడిబారినా కార్పెట్ అడుగున ఉన్న మెత్త ఇంకా చెమ్మగానే తగిలింది. ఫ్యాన్‌ని కిందికి వంచి మళ్ళీ పెట్టాం.