అభయపత్రం ఇచ్చిన చేతిలోనే కత్తి

స్కాట్లాండ్‌లో డగ్లస్ వంశాన్ని పెంచి పెద్ద చేసింది రాజులే. రాబర్ట్ బ్రూస్‌కు కుడిభుజమైన సర్ జేమ్స్ డగ్లస్, రాజు మరణించిన మరుసటి ఏడాది, అంటే 1330లో, ఆయన గుండెను వెంట తీసుకువెళ్తూ స్పెయిన్‌లోని తేబా వద్ద యుద్ధంలో ప్రాణాలు విడిచాడు. ఆ సేవకు దక్కిన భూములు, ఇంగ్లండ్ సరిహద్దును కాచే బాధ్యత, తరువాతి తరాల పెళ్లి సంబంధాలు కలిసి, వందేళ్లు తిరిగేసరికి ఈ వంశపు ప్రధాన శాఖ అయిన నల్ల డగ్లస్‌లను దక్షిణ స్కాట్లాండ్‌లో రాజుకు దీటుగా నిలబెట్టాయి.

1440 నవంబరులో పదేళ్ల రాజు రెండవ జేమ్స్ పేరు చెప్పి, ఆ శాఖకు పెద్ద, యువకుడైన ఆరవ డగ్లస్ ఎర్ల్ (ఎర్ల్ అంటే ఉన్నత ప్రభు బిరుదు) విలియంను, అతని తమ్ముడు డేవిడ్‌ను ఎడిన్‌బరో కోటకు విందుకు పిలిపించి, అక్కడే తలలు నరికించారు. విందులో చావుకు గుర్తుగా నల్ల ఎద్దు తలను ముందు పెట్టారన్న కథ తరువాతివారు చేర్చినదే. ఛాన్సలర్, అంటే రాజ్యపు ప్రధానాధికారి, విలియం క్రైటన్‌ను అందరూ నిందిస్తారు గానీ, ఆ చావులతో ఎర్ల్ పదవి దక్కింది పిల్లల చిన్నతాతకు. ఆయన పగ తీర్చుకోవడానికి వేలైనా కదపలేదు కనుక, ఈ కుట్రలో ఆయనకూ భాగముందని నేను నమ్ముతాను. ఆ చావులతో ఎర్ల్ పదవి నుంచి చీలిపోయిన నైరుతి స్కాట్లాండ్‌లోని గాలోవే భూములు సైతం, హతుల చెల్లెలు మార్గరెట్‌ను ఆయన కొడుకు, ఎనిమిదవ ఎర్ల్ విలియం పెళ్లాడడంతో తిరిగి ఆ గూటికే చేరాయి.

ఈ ఎనిమిదవ ఎర్ల్ విలియం, క్రాఫర్డ్ ఎర్ల్‌తోనూ రాస్ ఎర్ల్‌తోనూ పరస్పర సహాయ ఒప్పందం చేసుకున్నాడు. రాజు రెండవ జేమ్స్ అభయపత్రం పంపి అతణ్ని స్టిర్లింగ్ కోటకు రప్పించి, 1452 ఫిబ్రవరి 22న రాత్రి భోజనాలయ్యాక, ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోమన్నాడు. విలియం ఒప్పుకోలేదు. రాజు స్వయంగా కత్తి దూసి పొడిచాడు, పక్కనున్నవారు మిగతా పని పూర్తి చేశారు. శవం మీద 26 గాయాలున్నాయని నాటి వృత్తాంతం చెబుతోంది. ఎంతటి రాజకీయ అవసరమున్నా, రాజముద్ర పడిన మాటను నమ్మి వచ్చిన అతిథిని చంపడాన్ని నేను సమర్థించలేను.

నెల తిరిగేసరికి హతుడి తమ్ముడు జేమ్స్ డగ్లస్ సేనతో వచ్చి, ఆ అభయపత్రాన్నే గుర్రం తోకకు కట్టి స్టిర్లింగ్ వీధుల్లో ఈడ్పించి, పట్టణానికి నిప్పు పెట్టాడు. జూన్‌లో పార్లమెంటు మాత్రం రాజుది తప్పు కాదని తేల్చింది. 1455లో రాజు పక్షంతో జరిగిన ఆర్కిన్‌హోమ్ యుద్ధంలో డగ్లస్ సోదరుల్లో ఒకడు నేలకూలాడు, మరొకరిని పట్టుకుని చంపారు. జేమ్స్ డగ్లస్ ఇంగ్లండ్‌ను ఆశ్రయించాడు. డీ నది లంకలోని డగ్లస్‌ల త్రీవ్ కోట ఆ వేసవిలోనే లొంగిపోయింది. డగ్లస్ ప్రాంతపు ఎస్టేటును మాత్రం రాజు పక్షాన నిలిచిన దాయాదికి, ఎర్ర డగ్లస్‌ల శాఖకు చెందిన యాంగస్ ఎర్ల్ జార్జికి ఇచ్చారు.