రెండు సంచుల ఊపిరి

ఒంటిగంట దాటింది. కడుపులో క్రిమి పోయిందా లేదా అని ఇవాళ చేయించుకున్న ఊపిరి పరీక్ష రిపోర్టు బాగానే వచ్చింది. బాగా వచ్చిన రిపోర్టును పక్కన పెట్టుకుని నిద్ర పట్టక కూర్చున్న మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. మా ఆయన ఒక మాట అన్నారు. అది తర్వాత చెబుతాను. ఇప్పుడే చెబితే ఆ కోపంలో మిగతాదంతా మరిచిపోతాను.

పొద్దున ఆరున్నరకే బయలుదేరాను. పరగడుపున రమ్మన్నారు కాబట్టి కాఫీ కూడా లేదు. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి వెళుతుంటే ఆ వేళకు కొండ ఎంత బాగుంటుందో మీకు చాలాసార్లు రాశాను. కాఫీ పడని కళ్ళకు అది కూడా నచ్చలేదు. ఏడింటికి తెరుస్తామన్న ల్యాబ్ ఏడూ నలభైకి తెరిచారు. తెరిచినవాళ్ళు ముందు పటాలకు అగరుబత్తి వెలిగించి, నేల తుడిచి, తమ టిఫిన్ సంగతి తేల్చుకుని అప్పుడు మావైపు చూశారు. నా ముందు తొమ్మిది మంది. అందరివీ వేలికి సూది గుచ్చితే అయిపోయే పనులు. నాది మాత్రం అరగంట పని కాబట్టి చివర్లో కూర్చోమన్నారు. ఎవరికి ఎక్కువ ఆకలి వేస్తోందో లెక్క ఏమీ లేదన్నమాట.

పరీక్ష మాత్రం చిత్రంగా ఉంది. ఆ అమ్మాయి వెండిరంగు సంచి ఒకటి చేతికిచ్చి, ప్లాస్టిక్ మూతిలోంచి ఊదమంది. సంచి ఉబ్బింది, మూత బిగించింది. తర్వాత ఏదో పుల్లటి పొడి కలిపిన నీళ్ళు తాగించింది. అందులో ఏముందని అడిగితే "యూరియా మేడమ్" అంది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడి "పొలానికి చల్లేదా?" అన్నాడు. అదే మరి. మోతాదు చిటికెడే గానీ పదార్థం అదే. కడుపులో ఆ క్రిమి, హెలికోబాక్టర్ పైలోరి, ఉంటే యూరియాను అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొట్టేస్తుంది. ఆ వాయువు రక్తంలో కలిసి ఊపిరితిత్తుల్లోంచి బయటికి వస్తుంది. మామూలు ఊపిరిలో కలిసిపోకుండా గుర్తుపట్టడానికి ఆ యూరియాలో కాస్త బరువైన కార్బన్ పెడతారు. అరగంట ఆగి రెండో సంచిలో ఊదాలి. రెండు సంచుల మధ్య తేడా ఎక్కువగా కనిపిస్తే అది ఇంకా కాపురం ఉన్నట్టు.

మార్చిలో కడుపు లోపల చూడటానికి నోట్లోంచి ట్యూబు వేసినప్పటి సంగతి రాశాను కదా, అదంతా మళ్ళీ రాయను. ఒక్కటి మాత్రం అప్పుడు రాయలేదు. కడుపులోంచి తీసిన ఆవగింజంత ముక్కను పసుపురంగు జిగురులో వేసి నర్సు నాకు చూపించింది. మందు మత్తు ఇంకా పూర్తిగా దిగలేదు. చూస్తుండగానే ఆ పసుపు అంచుల నుంచి గులాబీరంగుకు తిరిగింది. నాకు వెంటనే పసుపునీళ్ళలో సున్నం కలిపితే వచ్చే ఎర్రనీళ్ళు గుర్తొచ్చాయి, దిష్టి తీసి వీధిలో పారబోసేవి. తర్వాత చదివితే రెండింటి గుట్టూ ఒకటే. అక్కడ సున్నం, ఇక్కడ అమ్మోనియా, క్షారం తగిలితే రంగు తిరుగుతుంది. నా కడుపుకు నేనే దిష్టి తీయించుకున్నానన్నమాట, బిల్లు కట్టి మరీ.

ఆ తర్వాత పద్నాలుగు రోజులు, రోజుకు ఎనిమిది మాత్రలు, మొత్తం నూట పన్నెండు. నోట్లో రాగిచెంబు పెట్టుకుని తిరిగినట్టు ఉండేది. మంచినీళ్ళు కూడా చేదు. అవి అయ్యాక యాసిడ్ తగ్గించే మాత్ర ఒక్కటే కొన్ని వారాలు, ఆ తర్వాత అదీ ఆపేసి రెండు వారాలు ఆగి, ఇవాళ్టి పరీక్ష.

సాయంత్రం ఫోనుకు రిపోర్టు వచ్చింది. క్రిమి లేదు. సంతోషించాను. మూడు నెలల తర్వాత ధైర్యంగా ఒక సంగటి ముద్ద, దాని మీద చెనిక్కాయల ఊరుబిండి పెట్టుకుని తిన్నాను. సంతోషం అంతవరకే. తొమ్మిదిన్నరకు రొమ్ముఎముక కింద అదే మంట, నాలుగు ముద్దలకే కడుపు గొంతుదాకా నిండినట్టు అదే బరువు.

అప్పుడే మా ఆయన ఆ మాట అన్నారు. "రిపోర్టులో ఏమీ లేదు కదా, ఇంకా మంట ఎక్కడిది? నువ్వే తలచుకుని తెచ్చుకుంటున్నావు."

తలచుకుని! తలచుకుంటే వచ్చేవైతే నేను మంటనే ఎందుకు తలచుకుంటాను, ఊటీలో ఇల్లు తలచుకునేదాన్ని. రిపోర్టు రాకముందు రోగిని, వచ్చాక అబద్ధాలకోరునా? మార్చిలో మంట అంటే లేచి నీళ్ళు తెచ్చిచ్చిన మనిషే, ఇవాళ మంట అంటే టీవీ శబ్దం పెంచారు. కాగితానికి ఉన్న విలువ కడుపుకు లేదు. అత్తయ్య ఊరుకుంటారా? పక్క గదిలోంచే "కారం తగ్గించమంటే వినదు" అని ఒకటి వేశారు. ఆఫీసులో కూడా రేపు ఇదే పాట అని నాకు తెలుసు. క్యాషియరు గారు పెరుగులో మెంతులు నానబెట్టమంటారు, పైఅంతస్తు ఆవిడ బూడిదగుమ్మడి రసం అంటారు. అందరి దగ్గరా మందు ఉంది, ఎక్కడ మంటగా ఉందని అడిగేవాళ్ళే లేరు.

కారం మాట వింటే నాకు ఇంత ఒళ్ళు ఎందుకు మండుతుందో మీకు చెప్పాలి.

చిత్తూరు దగ్గర మా ఊళ్ళో తాత నడుముకు ఎప్పుడూ ఒక చిన్న సత్తు డబ్బీ ఉండేది. చూసినవాళ్ళు పొడుం అనుకునేవాళ్ళు. అందులో ఉండేది వంటసోడా. భోజనమైన గంటకు మొహం ముడుచుకుని, డబ్బీ మూత బొటనవేలితో తీసి, చిటికెడు అరచేతిలో వేసుకుని, నోట్లో పోసుకుని, చెంబెడు నీళ్ళు తాగేవాడు. ఆ తర్వాత త్రేన్పులు. మేం పిల్లలం గడప మీద వరుసగా కూర్చుని లెక్కపెట్టేవాళ్ళం. ఏడు దాటితే తాత మొహం విచ్చుకునేది, మాకు బెల్లంముక్క దొరికేది. అందుకని మూడు దగ్గర ఆగిపోతే మేమే "ఇంకొంచెం సోడా వేసుకో తాతా" అని బతిమాలేవాళ్ళం. ఆయన నొప్పి మాకు ఆట.

1978లో కడుపులో పుండు పగిలే దశకు వచ్చిందని వేలూరు తీసుకెళ్ళి కోసి కుట్టించారు. సగం కడుపు తీసేశారని ఇంట్లో చెప్పుకునేవాళ్ళు. ఆ తర్వాత పదేళ్ళు తాత మజ్జిగన్నం తప్ప ఎరగడు. కానీ కథ తాతది కాదు, అవ్వది. తాత చెల్లెళ్ళు వచ్చినప్పుడల్లా అనేవాళ్ళు, "నీ చేతి కారమే మా అన్న కడుపు కాల్చింది" అని. అవ్వ ఎదురు చెప్పేది కాదు. తాత కోసం వేరే పొయ్యి మీద, వేరే గిన్నెలో, మిరపకాయ తగలని గరిటెతో వండేది. ఆ గరిటెకు కామున తెల్లదారం చుట్టి ఉండేది, ఎవరూ పొరపాటున చారులో ముంచకుండా. తను కూడా కారం మానేసింది. ఆవకాయ పెట్టే రోజున రుచి చూడమని మా అమ్మ వేలితో అందిస్తే, తల తిప్పుకోవడం నేను కళ్ళారా చూశాను. పోయేదాకా తనే ఆయన కడుపు కాల్చానని నమ్మింది.

తాతకు ఆపరేషన్ జరిగిన నాలుగేళ్ళకు, 1982లో, ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ ఆ క్రిమిని మొదటిసారి పెంచగలిగారు. అదీ ఈస్టర్ సెలవుల్లో పారేయకుండా మరిచిపోయి వదిలేసిన పళ్ళేల్లో. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తనే తాగేశాడు. కొన్నాళ్ళకే వాంతులు, కడుపులో వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మిరపకాయకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. మా అవ్వకు అసలే చెప్పలేదు. కారం మంట పెంచవచ్చు, కాదనను. చాలావరకు ఆ పుళ్ళు పడేది మాత్రం క్రిమి వల్ల, లేదంటే నొప్పిమాత్రల వల్ల.

ఇక్కడిదాకా రాసి టపా పెట్టేద్దామనుకున్నాను. కోపం బాగా కుదిరింది కూడా. కానీ నిద్ర పట్టనిది కోపం వల్ల కాదు.

"మాత్రలు ఎప్పుడు ఆపారు మేడమ్?" అని ఆ అమ్మాయి అడిగింది. "రెండు వారాలైంది" అన్నాను. రాసుకుంది.

ఆరు రోజుల క్రితం చిత్తూరులో చిన్నాన్న కూతురి పెళ్ళి. కత్తిరి ఎండలు, పన్నెండు దాటాక భోజనాలు, పప్పూ నెయ్యి, వంకాయ, పులిహోర, చివర్న బేనీషా మామిడి ముక్కలు. మంటగా ఉంటే గుక్కెడు యాంటాసిడ్ తాగమని, మాత్ర మాత్రం ముట్టుకోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపారు. ఆ సీసా ఇంట్లో మరిచిపోయాను. రాత్రి ఇంటికొచ్చాక భరించలేక ఒక్క పాంటాప్రజోల్, అదే ఆ యాసిడ్ తగ్గించే మాత్ర, మింగాను. అది యాసిడ్‌ను అణిచినప్పుడు క్రిమి కూడా నీరసించి కడుపులో సద్దుమణుగుతుందట. ఉన్నా లేనట్టే రిపోర్టు రావచ్చు. అందుకే ఆ రెండు వారాల నియమం. ఒక్క మాత్రకు అంత జరగకపోవచ్చు. జరగవచ్చు. నా రిపోర్టును నేనే చెడగొట్టుకుని, ఆ రిపోర్టు పట్టుకుని మాట్లాడిన మా ఆయన మీద గంటసేపు మండిపడ్డాను.

అలాగని ఆయన చెప్పింది నిజమనీ అనను. క్రిమి పోయినా వాచిన పొర నెమ్మదించడానికి నెలలు పట్టవచ్చని, కొందరికి క్రిమి పోయినా మంట పోదని డాక్టరు మొదటి రోజే చెప్పారు. దానికి వేరే మందులున్నాయి కూడా. అంటే ఇప్పుడు నా మంటకు రెండు అర్థాలు, ఏది నిజమో తేలాలంటే నేను అబద్ధం చెప్పానని ఒప్పుకోవాలి. డాక్టరుకు సందేశం టైపు చేశాను. "పొరపాటున ఒక మాత్ర" అని రాసి, "పొరపాటున" తీసేసి, మళ్ళీ పెట్టి, పంపకుండా వదిలేశాను. పంపితే మళ్ళీ రెండు వారాలు ఆగమంటారు, మళ్ళీ ఆ ల్యాబ్, మళ్ళీ అగరుబత్తి.

ఎన్ని మాత్రలు మింగానో కచ్చితంగా చెప్పాలి కదా అని లేచి మందుల డబ్బా తీశాను. నేను లెక్కల మనిషినని మీకు తెలుసు. ఆపిన రోజే క్యాలెండరు మీద రాసుకున్నాను, "ఆరు మిగిలాయి" అని. అట్టలో ఇప్పుడు మూడున్నాయి. ఒకటి నాది. మిగతా రెండు గుంటలు చాలా జాగ్రత్తగా, రేకు చిరగకుండా, గోటితో గీరి తీసి ఉన్నాయి. నేనైతే బొటనవేలితో నొక్కి చింపేస్తాను. మా ఆయనకు ఆ డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు. చిన్నది హాస్టల్లో ఉంది.

రాత్రిపూట ఆకలి లేదని అత్తయ్య అరచెంచా అన్నంతో లేచిపోవడం ఉగాది నుంచో, అంతకు ముందు నుంచో. వయసు అనుకున్నాం. ఒకే ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి ఇది అంటుకోవచ్చని చదివినప్పుడు కూడా నేను నా గురించే ఆలోచించాను.

ఇప్పుడే గోడ అవతల త్రేన్పు వినబడింది. ఇంకొకటి. డాక్టరుకు రాసింది "పొరపాటున" లేకుండానే పంపేశాను. అత్తయ్యను అడగాలి. కాఫీకి ముందు అడిగితే కోపం వస్తుంది, తర్వాత అడిగితే పరగడుపు పోతుంది.